ఆలుమగల మధ్య చెక్‌పోస్టు



పోస్టు కొంచెం పొడుగ్గానే ఉంటది. హాస్టల్లో రాత్రి మెస్ అయిపోయాక తీరిగ్గా చదవండి. ఒప్పుకోని చోట కింద రాయండి, మాట్లాడుకుందాం.

కరోనా ముచ్చట ఇప్పుడెందుకు అని కొందరికి అనిపించొచ్చు. 2020 పోయి ఇన్నేళ్లయింది. అప్పుడు ఇంటర్‌లో ఉన్నోళ్లు ఇప్పుడు పీజీలు చేస్తున్నారు. కానీ ఆ ఏడు మన జనానికి జరిగినదాంట్లో ఒక ముక్క ఇంకా ఎక్కడా సరిగ్గా రాయబడలేదు. నడిచిపోయిన కూలీల ఫోటోలు అందరికీ గుర్తున్నాయి. ఆలొక రాష్ట్రంలో, మగడొక రాష్ట్రంలో ఇరుక్కుని వారాల తరబడి విడిపోయిన సంచార కుటుంబాలు, వలస జోడీలు మాత్రం ఏ ఫోటోలోనూ లేరు. ఎందుకంటే వాళ్లు నడవలేదు. ఎదురుచూశారు. ఎదురుచూపుకు ఫోటో ఉండదు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. సరిహద్దులు మూసినప్పుడు ప్రభుత్వాలు మనుషులను ఒక్కొక్కరిగా చూశాయి, చిరునామాలుగా చూశాయి. కుటుంబంగా చూడలేదు. ఇల్లున్నవాళ్లకు దానివల్ల పెద్దగా నష్టం లేదు, వాళ్ల కుటుంబం, చిరునామా రెండూ ఒక్కచోటే ఉంటాయి. తిరుగుతూ బతికేవాళ్లకు అట్లా కాదు.

"ఎక్కడివాళ్లు అక్కడే ఉండండి" అన్నది అప్పటి మాట. ఇల్లున్నవాడికి ఆ మాటకు అర్థం ఇంట్లో ఉండమని. డేరా వేసుకుని బతికే నక్కలోళ్లకు, పందుల మందతో ఊరూరూ తిరిగే ఎరుకల కుటుంబానికి, చెరుకు కొట్టడానికి పోయిన లంబాడి జోడీకి ఇల్లంటే జాగా కాదు, మనిషి. ఆలుమగలు ఎక్కడ పొయ్యి రాజేస్తే అదే ఇల్లు. ఇద్దరిలో ఒకరు సరిహద్దుకు ఆవల ఉంటే, అక్కడే ఉండమనడం అంటే ఇంట్లో ఉండమనడం కాదు, ఇల్లు విరగ్గొట్టుకుని ఉండమనడం.

అసలు ఆలుమగలు రెండు రాష్ట్రాల్లో ఎందుకున్నారు? ఈ ప్రశ్న అధికారులూ అడిగారు, మన క్లాసుల్లో తోటి విద్యార్థులూ అడుగుతారు. జవాబు తెలియాలంటే మనోళ్ల ఏడాది ఎట్లా నడుస్తదో తెలియాలి.

నారాయణఖేడ్, కంగ్టి, నాగల్‌గిద్ద వైపు తాండాలను చూడండి. దసరా, దీపావళి దాటినాక తాండా ఖాళీ అయితది. ముసలోళ్లు, బడికి పోయే పిల్లలు మిగుల్తారు. మిగతావాళ్లు చెరుకు కొట్టడానికి కర్ణాటకకో, మహారాష్ట్రకో పోతారు. ఆ పనిలో కూలీని ఒక్కడిగా లెక్కపెట్టరు. మొగుడూ పెళ్లాం కలిసి ఒక కొయితా. అడ్వాన్సు ఇచ్చేది ఆ జోడీకి. మగమనిషి కొడితే ఆడమనిషి ఆకు తీసి, మోపు కట్టి, బండికి ఎత్తుతది. ఒక్కరే ఉంటే అర కొయితా. జోడీ విరిగితే కూలి సగమైతది, తీసుకున్న అప్పు మాత్రం పూర్తిగానే ఉంటది. అంటే మార్కెట్టుకు ఆలుమగలు ఒక్కటే అన్న సంగతి బాగా తెలుసు. తెలియనిది ప్రభుత్వానికే.

ఇప్పుడు 2020 మార్చి తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 9, 10 తేదీల్లో హోలీ. లంబాడోళ్లకు హోలీ ఎంత పెద్ద పండుగో ఈ గ్రూపులో చెప్పక్కర్లేదు. జోడీలో ఒకరైనా తాండాకు వచ్చిపోయే రోజులు అవి. 19న తెలంగాణలో పదో తరగతి పరీక్షలు మొదలైనయి. పిల్లోడు పరీక్ష రాస్తుంటే అన్నం వండిపెట్టడానికి తల్లి వస్తది, తండ్రి పనికాడే ఉంటడు. 22న జనతా కర్ఫ్యూ. ఆ సాయంత్రమే తెలంగాణ రాష్ట్ర సరిహద్దులు మూస్తున్నట్టు ప్రకటన. 24 రాత్రి 8 గంటలకు ప్రధాని ప్రసంగం, అర్ధరాత్రి నుంచి దేశమంతా 21 రోజుల లాక్‌డౌన్. 25న ఉగాది. అంటే చెరుకు సీజను ముగింపుకొచ్చి, పండుగలూ పరీక్షలూ కలిసిన వారంలో, ఒకరు ఇటు ఒకరు అటు ఉండే అవకాశం ఏడాది మొత్తంలో ఎక్కువగా ఉండే సమయంలో, గేటు పడింది. నాలుగు గంటల ముందు చెప్పి.

చెరుకు ఒక్కటే కాదు. పాలమూరు తాండాల నుంచి ముంబై, పుణె కట్టడాలకు పోయినవాళ్లు ఉన్నారు. కాన్పుకు బీదర్ వైపు పుట్టింటికి పోయిన కోడళ్లు ఉన్నారు. పూసలు, సూదులు అమ్ముకుంటూ రెండు మూడు జిల్లాల అవతలికి పోయిన నక్కల మగవాళ్లు ఉన్నారు, డేరా దగ్గర పిల్లలతో మిగిలిన వాళ్ల ఆడవాళ్లు ఉన్నారు. గోదావరి ఒడ్డున మిరప కోతకు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కోయ కుటుంబాల్లో కొందరు ఇటు, కొందరు అటు ఉన్నారు.

మిరప కోత అంటే ఒక సంగతి గుర్తుచేయాలి. ములుగు జిల్లాలో మిరప తోటల్లో పనికొచ్చిన బీజాపూర్ జిల్లా ఆదివాసీ పిల్ల, 12 ఏళ్లది, పని ఆగిపోయాక తనవాళ్లతో కలిసి అడవి దారిన వంద కిలోమీటర్లకు పైగా నడిచి, 2020 ఏప్రిల్ 18న ఇంటికి కొద్ది దూరంలో ప్రాణం విడిచింది. దేశమంతా ఆ వార్త చదివింది. అదే రోజుల్లో సరుకు లారీలకు రాష్ట్రాలు దాటడానికి అనుమతి ఉంది. మిర్చి బస్తా దాటింది, మిర్చి ఏరిన పిల్ల దాటలేకపోయింది. సరిహద్దు పూర్తిగా మూసుకుపోయిందని ఎవరన్నా అంటే నమ్మకండి. దేనికి తెరవాలో, ఎవరికి మూయాలో ఎంచుకున్నారు.

చెరుకు విషయంలోనూ అంతే. చక్కెర నిత్యావసర సరుకు కాబట్టి ఫ్యాక్టరీలు నడవడానికి అనుమతి ఉంది. ఫ్యాక్టరీ నడవాలంటే చెరుకు కావాలి, చెరుకు రావాలంటే కొయితా లేవాలి. అంటే కొట్టేవాడి పని నిత్యావసరం. కొట్టేవాడు పెళ్లాం దగ్గరికి పోవడం నిత్యావసరం కాదు. మహారాష్ట్ర ప్రభుత్వం తన సొంత జిల్లాల చెరుకు కూలీలు ఇళ్లకు పోవడానికి ఏప్రిల్ 17న అనుమతి ఇచ్చింది, మంచిదే. పక్క రాష్ట్రం నుంచి వచ్చిన కూలీలు ఇల్లు చేరాలంటే మాత్రం ఏప్రిల్ 29న కేంద్ర హోం శాఖ ఉత్తర్వు వచ్చేదాకా దేశం మొత్తానికి ఒక పద్ధతంటూ లేదు. మే 1న మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు మొదటి శ్రామిక్ రైలు కదిలింది. లాక్‌డౌన్ మొదలైన 5 వారాలకు.

ఆ ఉత్తర్వులో కూడా అడిగే ప్రశ్న ఒక్కటే: మీది ఏ రాష్ట్రం? ఆధార్‌లో ఉన్న చిరునామాను బట్టి పేరు రాసుకుంటారు, ఆ రాష్ట్రం బండి ఎక్కిస్తారు. ఒకే కులంలో, ఒకే భాషలో, సరిహద్దుకు అటూ ఇటూ పెళ్లిళ్లు చేసుకునే మనలాంటి వాళ్లకు ఆ ప్రశ్నకు జవాబు ఇంట్లో ఇద్దరికీ ఒకటి కాకపోవచ్చు. "మీ మనిషి ఎక్కడున్నారు?" అన్న ప్రశ్న ఏ ఫారంలోనూ లేదు.

ఈ-పాసుల సంగతి చూద్దాం. అప్లికేషన్‌లో అడిగినవి: పేరు, ఆధార్, బండి నంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, కారణం. సాధారణంగా ఒప్పుకున్న కారణాలు: వైద్యం, చావు, ఆ తర్వాత పెళ్లి. శుభలేఖ జత చేస్తే పెళ్లికి దారి దొరికింది. పెళ్లికి పాసు ఉంది గానీ పెళ్లాం దగ్గరికి పోవడానికి లేదు! నవ్వొచ్చే మాటే గానీ, దాని వెనక ఒక ఊహ ఉంది. పెళ్లయినవాళ్లు ఎట్లాగూ కలిసే ఉంటారు గదా అన్న ఊహ. ఆ ఊహ స్థిరంగా బతికేవాళ్లది. ఫారం రాసినవాళ్లూ వాళ్లే.

ఇగ బండి నంబరు లేనివాడు ఏం రాయాలి? స్మార్ట్‌ఫోన్ లేనివాడు ఎక్కడ అప్లై చేయాలి? చాలా జోడీలకు ఇద్దరికీ కలిపి ఒక్క ఫోన్. కలిసి ఉన్నప్పుడు ఒక్కటి చాలు. విడిపోయిన రోజు ఆ ఫోన్ ఎవరి దగ్గర ఉందో, రెండోవాళ్లు మేస్త్రీ ఫోన్ కోసం చేయి చాచాలి. మేస్త్రీ అప్పు ఇచ్చినవాడు. మాట్లాడుకోవడం కూడా అప్పులోకే పోయింది.

ఒకరికి పాసు దొరికినా రెండో రాష్ట్రం ఒప్పుకోవాలి. మార్చి 25, 26 తేదీల్లో ఏమైందో హైదరాబాద్ హాస్టళ్లలో చదివినవాళ్లకు తెలుసు. తెలంగాణ పోలీసులు ఇచ్చిన పాసులు పట్టుకుని బయల్దేరిన ఆంధ్ర విద్యార్థులను, ఉద్యోగులను జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో గంటల తరబడి ఆపేశారు. చదువుకున్నవాళ్లు, ఫోన్లున్నవాళ్లు, ట్విట్టర్‌లో అరవగలిగినవాళ్లు. వాళ్లకే ఆ గతి పట్టింది. డేరాలో ఉన్నోళ్ల మాట ఎవరికి వినపడుతుంది?

భద్రాచలం దగ్గర ఇంకో రకం. 2014లో పోలవరం కోసం ఏడు మండలాలను ఆంధ్రలో కలిపినప్పుడు భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక ఆంధ్రకు పోయింది. పట్టణం చివర నుంచి నాలుగడుగులు వేస్తే వేరే రాష్ట్రం. కోయోళ్ల చుట్టరికాలు, సంత, ఆసుపత్రి అన్నీ ఆ గీతకు రెండు వైపులా ఉన్నయి. ఆ గీత వాళ్లు అడిగి గీయించుకున్నది కాదు. ప్రాజెక్టు కోసం గీసిన గీత, రోగం వచ్చినప్పుడు గోడ అయింది.

దూరదేశాల సంగతి ఒకటి చెప్తాను, పోల్చి చూసుకోవడానికి. 2020లో యూరప్‌లో కూడా సరిహద్దులు మూసినందువల్ల జంటలు విడిపోయినయి. వాళ్లలో చాలామంది పెళ్లికాని జంటలు. ప్రేమ అంటే విహారయాత్ర కాదు అన్న నినాదంతో వాళ్లు సోషల్ మీడియాలో ఉద్యమం నడిపారు. ప్రభుత్వాలు విన్నాయి. డెన్మార్క్ మే 25 నుంచే జర్మనీ, పొరుగు నార్డిక్ దేశాల వాళ్లను, కనీసం 6 నెలల సంబంధం ఉంటే, తమ మనిషి దగ్గరికి రానిచ్చింది. నెదర్లాండ్స్ జూలైలో, జర్మనీ ఆగస్టులో పెళ్లికాని జంటలకు కూడా దారి తెరిచాయి. మన తెలుగువాళ్లలోనే, అమెరికాలో ఉద్యోగం చేస్తూ ఇండియాకు వచ్చి, 2020 జూన్‌లో ట్రంప్ ప్రభుత్వం హెచ్-1బీ వీసాలపై పెట్టిన ఆంక్షలవల్ల భార్యాభర్తలు వేరుపడ్డ వాళ్లు ఉన్నారు. వాళ్ల గురించి పేపర్లు రాశాయి, టీవీలు మాట్లాడాయి.

వాళ్ల బాధ తక్కువదని నేను అనట్లేదు. విడిపోయిన బాధకు పాస్‌పోర్టు ఉండదు. నేననేది వేరే. అక్కడ సమస్యను జంట సమస్యగా చూశారు కాబట్టి జంటలకు పరిష్కారం దొరికింది. ఇక్కడ మనోళ్లను వలస కూలీలు అన్న ఒక్క పేరు కింద పెట్టారు. కూలీకి కావాల్సింది బియ్యం, బస్సు. అవి కూడా ఆలస్యంగానే ఇచ్చారు, అది వేరే సంగతి. తెలంగాణ ప్రభుత్వం ఇతర రాష్ట్రాల కూలీలకు తలా 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించింది. ఆకలి తీర్చే మాట, కాదనను. కానీ కూలీకి పెళ్లాం ఉంటదని, ఆమె నెల తప్పి ఉండొచ్చని, గుడిసెలో ఒంటరిగా ఉన్న ఆడమనిషికి రాత్రి భయముంటదని, అవి కూడా ప్రభుత్వం చూడాల్సిన విషయాలేనని ఎవరికీ తట్టలేదు. ప్రేమ, తోడు, కాపురం, ఇవి పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు హక్కులు, మనకు సొంత విషయాలు!

పాసు అన్న మాట మన తాతలకు కొత్త కాదు. 1871లో తెల్లదొరలు నేరస్త జాతుల చట్టం తెచ్చారు. తర్వాత 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికి కూడా వచ్చింది. తిరిగి బతికే జాతుల్లో ఎన్నింటినో పుట్టుకతోనే దొంగలని రాసేశారు. పేరు నమోదు చేసుకోవాలి, హాజరు చెప్పాలి, ఊరు దాటాలంటే పాసు ఉండాలి. ఎరుకలవాళ్లను స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. పాసు లేకుండా చుట్టం దగ్గరికి పోయినా నేరమే. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన 5 ఏళ్లకు, 1952 ఆగస్టు 31న గానీ ఆ చట్టం రద్దు కాలేదు. ఆ రోజునే విముక్త దినంగా చేసుకుంటున్నాం.

2020 పాసు, 1911 పాసు ఒకటేనని అనను. ఒకటి జాతిని చూసి పెట్టినది, ఒకటి రోగాన్ని చూసి పెట్టినది. కానీ రెండింటి వెనకా ఒకే అనుమానం పనిచేసింది: కదిలే మనిషి ప్రమాదం, కదలని మనిషి భద్రం. విమానంలో వచ్చిన రోగానికి, డేరాలో తిరిగేవాడిని ఊరి పొలిమేరలో ఆపి ప్రశ్నించారు.

కాగితాల సంగతి ఇంకో చిక్కు. మన లంబాడోళ్లనే తీసుకోండి. తెలంగాణ, ఆంధ్రలో ఎస్టీ. గీత దాటి కర్ణాటకకు పోతే అదే బంజారా ఎస్సీ. మహారాష్ట్రకు పోతే విముక్త జాతి. రాష్ట్రం దాటితే రిజర్వేషన్ వెంట రాదు, పెళ్లితో కులం హోదా మారదు. అందుకే బీదర్ తాండా నుంచి వచ్చిన కోడలు కాగితాలు ఏళ్ల తరబడి పుట్టింటి చిరునామా మీదే ఉండిపోతయి. అక్కడ పేరు తీసేస్తే అక్కడి హోదా పోతుందేమోనని భయం, ఇక్కడ రాయించినా ఇక్కడి హోదా రాదు. మామూలు రోజుల్లో ఇది ఆఫీసుల చుట్టూ తిరిగే తలనొప్పి మాత్రమే. లాక్‌డౌన్‌లో అది చెక్‌పోస్టు దగ్గర "నువ్వు ఈ రాష్ట్రం మనిషివి కాదు" అన్న మాట అయింది. ఏ రాష్ట్రంలోనైనా రేషన్ తీసుకునే పద్ధతి అన్ని రాష్ట్రాలూ 2021 జూలై 31 లోపు అమలు చేయాలని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అంటే మొదటి వేవ్‌కు ఆ పద్ధతి అందరికీ అందలేదు, రెండో వేవ్ మన మీదుగా పోయాక గడువు వచ్చింది.

ఇప్పుడు రెండో వైపు మాట. సరిహద్దులు మూయకపోతే రోగం తాండాలకు వచ్చేది గదా, డాక్టరు లేని గూడేలకు వస్తే ఏమయ్యేది అని అడగొచ్చు. సరైన ప్రశ్నే. మనోళ్లే ఎన్నో తాండాల్లో, గూడేల్లో దారికి అడ్డంగా ముళ్లకంప వేసుకున్నారు. పుణె నుంచి వచ్చిన సొంత తమ్ముడిని పొలం కాడ గుడిసెలో ఉండమన్నవాళ్లూ ఉన్నారు. వాళ్లను తిట్టలేను. ఆసుపత్రి 40 కిలోమీటర్ల దూరంలో ఉన్నవాడికి ముళ్లకంపే వైద్యం.

కానీ ఆ ముళ్లకంపలోనే జవాబు కూడా ఉంది. పొలం కాడ 14 రోజులు ఉండమన్న తాండా, 15వ రోజు లోపలికి రానిచ్చింది. దూరం పెట్టింది గానీ తెంచుకోలేదు. రోగాన్ని ఆపేది విడిగా ఉంచే రోజులు, విడదీసిన కాపురాలు కాదు. పరీక్ష చేసి, 14 రోజులు పక్కన పెట్టి, ఆ తర్వాత వాళ్ల మనిషి దగ్గరికి పంపితే రోగమూ ఆగేది, కుటుంబమూ నిలిచేది. యూరప్ జంటలకు చేసింది ఇంచుమించు అదే. చదువురాని తాండా పెద్దమనుషులకు తోచిన పద్ధతి సెక్రటేరియట్‌కు తోచకపోవడం తెలివి లోపం కాదు. మన గురించి ఆలోచించే మనిషి ఆ గదిలో లేకపోవడం.

మరి ఎన్ని జంటలు విడిపోయినయి? ఎన్ని రోజులు? అప్పు ఎంత పెరిగింది? తోడు లేకుండా ఎంతమంది కాన్పయ్యారు? లెక్క లేదు. ఉండదు కూడా. లాక్‌డౌన్‌లో దారుల్లో చనిపోయిన వలస కూలీల లెక్కే తమ దగ్గర లేదని 2020 సెప్టెంబర్‌లో కేంద్ర కార్మిక శాఖ పార్లమెంటుకు చెప్పింది. అదే ఏడు మే 8న ఔరంగాబాద్ దగ్గర పట్టాల మీద నిద్రపోయి గూడ్సు రైలు కింద పడి చనిపోయిన 16 మంది మధ్యప్రదేశ్ కూలీల్లో చాలామంది గోండులు. చనిపోయినవాళ్లనే లెక్కపెట్టని చోట, విడిపోయినవాళ్లను ఎవరు లెక్కపెడతారు?

అందుకే ఇప్పుడు ఈ పోస్టు. 2027 జనగణనలో మనుషులను లెక్కించే ఘట్టం ఫిబ్రవరిలో పెట్టారు, ఈసారి కులం కూడా రాస్తారు. ఫిబ్రవరి అంటే ఏంది? చెరుకు కొట్టే నెల. మిరప కోత నెల. మన తాండాలు, గూడేలు సగం ఖాళీగా ఉండే నెల. జోడీలు ఫ్యాక్టరీ దగ్గర గుడిసెల్లో ఉంటారు. అక్కడి ఎన్యూమరేటర్ ఆ గుడిసెల దాకా పోతాడా? పోయినా, తెలుగు, గోర్‌బోలీ రాని మనిషి వాళ్ల కులం పేరు ఏమని రాస్తాడు? కర్ణాటకలో లెక్కిస్తే ఎస్సీ గడిలో పడతారు, మహారాష్ట్రలో లెక్కిస్తే రెండు గడుల్లోనూ పడరు. 2020లో మనల్ని సరిహద్దు విడదీసింది. 2027లో మన సంఖ్యను విడదీయబోతుంది. లెక్కలో లేనివాడికి తర్వాతి ఉపద్రవంలో ఫారం ఉండదు.

ఏం చేయాలి? నాకు తోచినవి చెప్తాను.

మొదటిది, ప్రభుత్వాన్ని అడగాల్సింది. సరిహద్దులు మూసే ఏ ఉత్తర్వులోనైనా కుటుంబం కలుసుకోవడం ఒక కారణంగా రాసి ఉండాలి. భార్య, భర్త, పిల్లలు, ముసలి తల్లిదండ్రులు. బండి నంబరు అడగొద్దు, ఆన్‌లైన్ ఒక్కటే దారి కాకూడదు, ఒక రాష్ట్రం ఇచ్చిన పాసు పక్క రాష్ట్రంలో చెల్లాలి. మ్యారేజ్ సర్టిఫికెట్ లేకపోతే గ్రామ పంచాయతీ కాగితం సరిపోవాలి. మన పెళ్లిళ్లు తాండా నాయక్ ముందు, కుల పెద్దల ముందు అయితయి. ఆ సాక్ష్యం తక్కువదేం కాదు.

రెండోది, చట్టం. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979 నుంచే ఉంది. కాంట్రాక్టరుకు లైసెన్సు, కూలీకి పాస్‌బుక్, రాను పోను ఖర్చు అన్నీ అందులో రాసినవే. మన మేస్త్రీల్లో ఎంతమందికి లైసెన్సు ఉందో, మనోళ్లలో ఎంతమంది ఆ పాస్‌బుక్ చూశారో మీ ఊళ్లో అడగండి. ఆ చట్టం ఇప్పుడు కొత్త లేబర్ కోడ్‌లో కలిసిపోయింది, 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది. పాత చట్టం 5 మంది కూలీలకే వర్తించేది, కొత్తదానికి 10 మంది ఉండాలి. అయినా చెరుకు గుంపులో జోడీలు ఎక్కువే ఉంటాయి, లెక్క దాటుతుంది. ఆ నమోదులో జోడీని జోడీగా రాయమని అడగాలి. అడ్వాన్సు ఇచ్చేటప్పుడు ఒక కొయితా అని రాసుకునే చేతికి, రిజిస్టరులో ఇద్దరి పేర్లూ పక్కపక్కన రాయడం కష్టం కాదు.

మూడోది, ఎవరినీ అడగక్కర్లేనిది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తెలంగాణలో వెయ్యికి పైగా తాండాలు, గూడేలు సొంత పంచాయతీలు అయినయి. సర్పంచ్ మనోడే, వార్డు మెంబరు మనోడే. దసరాకు ఇంటికి పోయినప్పుడు ఒక నోటుబుక్కు తీసుకోండి. ఎవరు, ఎవరితో, ఏ ఊరికి, ఏ మేస్త్రీ కింద, ఏ ఫోన్ నంబరు, ఎప్పుడు వస్తరు. అమ్మాయి పుట్టిల్లు ఏ రాష్ట్రం, పిల్లలు ఎవరి దగ్గర ఉన్నరు. నాలుగు గంటల పని. దాన్ని పంచాయతీ రికార్డులో పెట్టించండి. ఏజెన్సీ ప్రాంతంవాళ్లు ఐటీడీఏలో కూడా ఒక కాపీ ఇవ్వండి. ఫిబ్రవరిలో ఆ పుస్తకం పట్టుకునే ఎన్యూమరేటర్‌తో మాట్లాడాలి. డేరాల్లో ఉండే నక్కల, ఎరుకల కుటుంబాలకు పంచాయతీ ఉండదు కాబట్టి వాళ్ల పేర్లు మనలో ఎవరో ఒకరు పోయి రాయాలి. మన తాండా కాదు, మన కులం కాదు అనుకుంటే వాళ్లు మళ్లీ ఏ పుస్తకంలోనూ ఉండరు.

నాలుగోది, 2020 ముచ్చట్లు. అమ్మను, వదినను, పెద్దవ్వను అడగండి. "ఆ రెండు నెలలు నువ్వెక్కడ, బాపు ఎక్కడ?" అని. మొదట ఏముందిలే బిడ్డా అంటారు, తర్వాత చెప్తారు. ఫోన్లో రికార్డు చేయండి, వాళ్లు ఒప్పుకుంటే పేర్లు లేకుండా ఇక్కడ రాయండి. రిసెర్చ్ చేసే అన్నలు, అక్కలు ఈ గ్రూపులో ఉన్నారు, వాళ్లకూ పనికొస్తది. ప్రభుత్వం దగ్గర లెక్క లేకపోతే మన దగ్గర సాక్ష్యమన్నా ఉండాలి.

ఈ గ్రూపులో కోయ, గోండు, లంబాడి, ఎరుకల, యానాది, చెంచు, నక్కల అందరం ఉన్నాం. రిజర్వేషన్ల మీద మనలో మనకు వాదనలు ఉన్నయి, ఉండనీయండి, అవి వేరే పోస్టులో. చెక్‌పోస్టు దగ్గర మాత్రం ఎవరు ఏ తెగ అని అడగలేదు, అందరినీ ఒకే గీత అవతల నిలబెట్టారు. కనీసం ఆ గీత గురించి అందరం కలిసి మాట్లాడొచ్చు.

దసరాకు ఎవరెవరు నోటుబుక్కు పట్టుకుని పోతున్నారో కింద మీ మండలం పేరుతో రాయండి.

జోహార్.